డీవీడీ కోసం వీడియో మార్పిడి

డీవీడీ తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఒక వీడియోను గుర్తించనంత మాత్రాన ఫైలు పాడైందనుకోవడం తొందరపాటు. ఎంకేవీ, ఎంఓవీ, ఎఫ్ఎల్‌వీ అన్నవి పైపెట్టెలు మాత్రమే. లోపల చిత్రాన్ని, ధ్వనిని కుదించిన పద్ధతి, అంటే కోడెక్, వేరు. ఎంకేవీలో హెచ్.264 ఉండొచ్చు, హెచ్.265 ఉండొచ్చు. అందుకే ఎక్స్‌టెన్షన్ పేరు మార్చినంతలో పని జరగదు. మీడియాఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాంతో ముందు లోపలి సరుకు చూడాలి.

డీవీడీ ప్లేయరు సాధారణంగా ఎంపెగ్-2 చిత్రాన్నే ఆడిస్తుంది. భారత్‌లో వాడే పాల్ పద్ధతికి 720×576 పిక్సెళ్లు, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికాలోని ఎన్‌టీఎస్‌సీకి 720×480, 29.97 ఫ్రేములు. ధ్వని 48 కిలోహెర్ట్జ్‌లో ఉండాలి. హైదరాబాద్ నుంచి డల్లాస్‌లోని బంధువులకు పెళ్లి డిస్కు పంపేవారు ఈ తేడాను తప్పక పట్టించుకోవాలి. అక్కడి ప్లేయర్లలో చాలావాటికి పాల్ డిస్కు ఎక్కదు.

మార్పిడికి 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ నమ్మదగిన సాధనం. అందులో ‘పాల్-డీవీడీ’ లక్ష్యాన్ని ఎంచుకుంటే కోడెక్, ఫ్రేము కొలతలు అదే అమరుస్తుంది. అయితే నిలువుగా తీసిన ఫోన్ వీడియోకు పక్కల నల్లపట్టీలు చేర్చకపోతే మనుషులు అడ్డంగా సాగిపోతారు.

మార్చిన ఫైలును డీవీడీస్టైలర్‌తో కూర్చి డిస్కుపై రాయవచ్చు. 4.7 జీబీ డిస్కులో రెండు గంటల వీడియో చక్కగా పడుతుంది. అంతకు బాగా మించి కుక్కితే బిట్‌రేటు తగ్గి, వేగంగా కదిలే దృశ్యాల్లో గళ్లు తేలతాయి.