దివిసీమ పూరిళ్ళు, వాటి నేత

కృష్ణానది పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలి సముద్రాన్ని చేరే నడుమ ఏర్పడిన లంకభూమి దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాలతో కూడిన ఈ నేలలో ఎంత తవ్వినా ఒండ్రుమట్టే గాని రాయి దొరకదు కనుక, ఇక్కడి సామాన్యుని ఇల్లు బంకమట్టితోను, తాడిచెట్టుతోను, గడ్డితోను లేచింది. దానిని పేదవాని ఇల్లుగా జమకట్టడం వాడుకే అయినా, అది డబ్బు తక్కువగా, చెట్టునూ గట్టునూ ఇరుగుపొరుగు చేతులనూ ఎక్కువగా కోరే ఇల్లు. ఈ సంగతి గమనించనిదే దివిసీమలో పూరిళ్ళు ఎందుకు తరిగిపోయాయో బోధపడదు.

తీరగ్రామాల పాత రూపం చుట్టిల్లు, అనగా గుండ్రని మట్టిగోడపై గోపురంలా కప్పు నిలిపిన ఇల్లు. గోడను దాటి కిందికి వాలే కప్పు అంచును చూరు అంటారు. చుట్టింటి చూరు బాగా కిందికి దిగివచ్చేది కనుక లోపలికి వెళ్ళేవారు నడుము వంచక తప్పేది కాదు. గాలి పట్టు దొరకబుచ్చుకొనే మూలలు లేకపోవడమే తుపాను నేలలో ఆ రూపానికి బలం. పొడవాటి ఇళ్ళలోనైతే రెండు వాలులు కలిసే కొప్పును నిట్రాళ్ళు అనే నిలువు స్తంభాలు మోసేవి. వీటికీ వాసాలకూ ముదురు తాడినే ఎంచేవారు. తాడిమానులో చేవ బయటి వైపున, బెండు లోపలి వైపున ఉంటుంది గనుక, మానును నిలువునా చీల్చి, బెండు చెక్కివేసి, మిగిలిన పట్టెలనే వాడేవారు.

ఇల్లు కట్టడం ఒకనాటి పని అయితే ‘ఇల్లు నేయడం’, అనగా పాత కప్పు దించి కొత్తది పరచడం, ఎన్నటికీ తీరని పని. వరిగడ్డి కప్పుపై ఏటేటా మరో పొర వేయాలి. తాటాకు రెండు మూడేళ్ళు ఆగుతుంది. లంకల్లో పెరిగే రెల్లుగడ్డి అంతకంటె ఎక్కువ మన్నుతుంది. కోసిన తాటాకులను ఒకదానిపై ఒకటి పేర్చి, బరువు పెట్టి అణచి, చదునైన తరువాత చూరు నుంచి కొప్పు వైపు వరుసలుగా, పై వరుస కింది వరుసను చాలా మేరకు కప్పేలా పరచి, తాటిమట్టల నారతో వెదురుబద్దలకు బిగించేవారు. తొలకరికి ముందే ఇదంతా ముగియాలి. వాలు తగ్గిన కప్పుపై నీరు జారక ఆకు కుళ్ళుతుంది. పొయ్యి పొగ సోకిన ఆకుకు పురుగు తొందరగా పట్టదు గనుక వంటపాక కప్పు ఎక్కువ కాలం నిలిచేది. నిప్పు భయంతో ఇంటికి ఎడంగా వేసినదీ ఆ పాకనే కావడం విచిత్రం. వేసవి గాలిలో ఒక ఇల్లు అంటుకుంటే, పక్క ఇంటి కప్పును లాగి పడవేయడమే మంటను ఆపే ఉపాయం.

గాలికి ఒదిగే ఇల్లు నీటికి నిలవదు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన సుమారు 30,000 మందిని బలిగొనగా, 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దాదాపు 10,000 మంది మరణించారు. ఉప్పునీరు ముంచెత్తినప్పుడు మట్టిగోడ కరిగి కప్పుకు ఆధారమే లేకపోయింది. తరువాత ప్రభుత్వమూ, రామకృష్ణ మిషన్ వంటి సంస్థలూ పక్కా ఇళ్ళు కట్టించాయి.

అయినా పూరిళ్ళ క్షీణతను ఉప్పెన ఒక్కదానికే అంటగట్టడం తొందరపాటు. పొడవైన గడ్డినిచ్చే నాటు వరి రకాల చోట 1982లో మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి వెలువడిన స్వర్ణ వంటి పొట్టి రకాలు వచ్చాయి. కోతయంత్రం గడ్డిని నలిపి ముక్కలు చేసి వదులుతుంది. రొయ్యల చెరువులకై పొలాలు తవ్వినచోట గట్ల మీది తాడిచెట్లు పోయాయి. ఒకరి ఇంటిపనికి మరొకరు సాయపడి, తమ వంతు వచ్చినప్పుడు ఆ సాయం తిరిగి పొందే బదులుపని కూలిగా మారింది. ఆకు కొని, కూలి చెల్లించి, రెండు మూడేళ్ళకోసారి నేయించుకోవడం పేదవానికి శక్తికి మించిన ఖర్చయింది.

నేడు తాటాకు కప్పు పశువుల పాకలపైన, చెరువుగట్ల కాపలా గుడిసెలపైన మిగిలింది. ఆకు చాలనిచోట టార్పాలిన్ పట్టా పరచి, గాలికి లేవకుండా దానిపై చేపలవారి పాత వలలు కట్టి ఉంచుతున్నారు.