దూరమును కొలిచిన చేతులు

వరంగల్లు నుండి ఖమ్మము పోవు రాజమార్గమున వర్ధన్నపేటయు రాయపర్తియు దాటిన పిమ్మట కానవచ్చు తొర్రూరు, ప్రత్తి, వరి, మిరప పండు పల్లెలకు చిరకాలముగా కూడలి. 2016 వరకు వరంగల్లు జిల్లాలోను, అటుపిమ్మట మహబూబాబాదు జిల్లాలోను చేరిన ఈ పట్టణమున గోల్ఫు మైదానము లేదు. అయినను దూరమును కొలుచు విద్య మన దేశమున ఎక్కివచ్చిన మెట్లలో పెక్కింటి జాడలు ఈ సీమలోనే గోచరించును. గోల్ఫు ఆటగాడు చేత బట్టుకొను జీపీఎస్ పరికరములలో చౌకయైనదియు నమ్మదగినదియు ఏది యని అడుగువారికి ఆ చరిత్రయే తగిన సమాధానము చెప్పునని నా విశ్వాసము.

పూర్వకాలమున కొలతకు సాధనము మానవశరీరమే. బట్టను మూరలతోను, బావిలోతును బారలతోను, చిన్న వస్తువులను జానలతోను, బెత్తెలతోను కొలిచిన మనవారు, దారిని కూతవేటు, క్రోసు, ఆమడ అని చెప్పుకొనిరి. ఈ లెక్క నిత్యజీవితమునకు చాలెను గాని, భూమికి శిస్తు కట్టవలసి వచ్చినపుడు చాలదయ్యెను. కాకతీయుల నాటి దానశాసనములలో భూమిని మర్తురులలో చెప్పుట కానవచ్చును. ఆ భూమిని గడ యను కొలకఱ్ఱతో కొలిచెడివారు. ఆ గడ పొడవు అన్ని సీమలందును ఒక్కటి కాకుండుట వలన, ఒకచోట మర్తురైన నేల వేఱొకచోట మర్తురు కాకపోవచ్చును. గడ ఎవరి చేతనున్నదో, ఎంత భూమి ఎవరిదని నిర్ణయించు అధికారమును వారి చేతనే యుండెను.

1802 ఏప్రిల్ 10వ తేదీన విలియం లాంబ్టన్ మద్రాసు చెంత సెయింట్ థామస్ మౌంటు సమీపమున నూఱడుగుల ఉక్కు గొలుసుతో ఆధారరేఖను కొలువనారంభించుటతో కొలత యొక్క స్వరూపమే మాఱెను. ఒక్క రేఖను సూక్ష్మముగా కొలిచి, తక్కిన దూరములను త్రిభుజకోణముల వలన గణించు ఆ మహాసర్వేక్షణము, సుమారు అర టన్ను బరువుగల థియోడలైటును కొండకొమ్ములకు మోసికొనుచు ఉత్తరమునకు సాగెను. లాంబ్టన్‌కు సహాయకుడుగా వచ్చిన జార్జి ఎవరెస్టు 1819లో కృష్ణా గోదావరుల నడుమ, నిజాం రాజ్యపు తూర్పు అడవులలో పనిచేయుచుండగా, వర్షకాలపు జ్వరము అతనినే గాక అతని పరివారమును గూడ పడవైచెను; పలువురు ప్రాణములు కోల్పోయిరి, ఎవరెస్టు స్వస్థతకై 1820లో దక్షిణాఫ్రికా కొనయందలి గుడ్ హోప్ అగ్రమునకు పోవలసి వచ్చెను. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాటు చెంత, పనిలో నుండగనే కన్నుమూసెను. అధికారుల పేర్లు గ్రంథములకెక్కినవి. యంత్రములను మోసి, చెట్లు నఱకి, జెండాలు నిలిపిన కూలీల పేర్లు మనకు దక్కలేదు. ఒక కొండకును వేఱొక కొండకును నడుమగల దూరమును తెలిసికొనుటకు ఇంత మూల్యము చెల్లింపవలసిన కాలము మనకు రెండువందల ఏండ్ల వెనుకటిదే.

పిమ్మట నిజాం ప్రభుత్వము బొంబాయి పద్ధతిని అనుసరించి భూములను సర్వే చేయించెను. ఆ పనికి వాడిన గొలుసు పొడవు 33 అడుగులు. అది 16 ఆనాలుగా విభక్తమై యుండెను. గొలుసు పొడవు నలుచదరమైన నేల ఒక గుంట, అట్టి గుంటలు 40 చేరిన ఒక ఎకరము. నేటికిని తెలంగాణ రైతు తన భూమిని ఎకరములలోను గుంటలలోను చెప్పుకొనుటకు మూలమిదియే. ఆ కొలత నిట్లు చేయుదురు: ఇనుప మేకులు చేతబట్టుకొని ఒక మనిషి గొలుసు కొనను ముందుకు లాగికొని పోవును, వెనుకనున్నవాడు రెండవ కొనను నేలకు అదిమిపట్టి, ముందువానిని కుడికి ఎడమకు జరుపుచు సూటిలో నిలుపును, గొలుసు బిగిసిన చోట ఒక మేకు నాటబడును, వెనుకవాడు ఆ మేకు చేరగనే దానిని పెఱికి చేతబట్టును, తుదకు వాని చేత ఎన్ని మేకులున్నవో అన్ని గొలుసుల దూరమని లెక్క. గొలుసు సడలినను, ఒక్క మేకు తప్పినను, ఒకరి చెలక అంచు మఱొకరిదగును.

అట్లు తయారైన సేత్వారు, టిప్పను, పహాణీ అను భూమి కాగితములు గ్రామలెక్కలు వ్రాయు పట్వారీ ఇంట పెట్టెలో నుండెను. రైతునకు అవి చదువ రావు, చదువ వచ్చినను అందవు. తొర్రూరునకు అనతిదూరమున నున్న పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను కౌలుకు చేసిన భూమి పంటను విసునూరు దేశముఖు బలగము వశము కానీయక, సంఘము అండతో నిలబెట్టుకొనుట తెలంగాణ సాయుధపోరాట చరిత్రలో ప్రసిద్ధఘట్టము. ఆ పోరాటమునకు కారణములు పెక్కు గలవు గాని, కొలతయు కాగితమును కొద్దిమంది చేతనే యుండుట వానిలో ఒకటి. పటేలు పట్వారీ వ్యవస్థ 1980ల దశకమునగాని తొలగిపోలేదు.

దూరపు లెక్కతోనే నడచు గోల్ఫు ఆటయు మన దేశమునకు లాంబ్టన్ మొదలిడిన సర్వేక్షణపు కాలముననే వచ్చెను. కలకత్తాలో 1829లోను, మన వాల్తేరున 1884లోను క్లబ్బులు వెలసెను. నేడు హైదరాబాదున గోలకొండ కోటలోని నయాఖిలా యందును ఆ క్రీడ సాగుచున్నది. బంతి పడిన చోటినుండి జెండా ఎన్ని గజములున్నదో తెలిసినగాని ఏ కఱ్ఱతో కొట్టవలయునో నిశ్చయింపరాదు. చిరకాలము ఆ లెక్క కఱ్ఱలసంచి మోయు కాడీ కంటిలోనే యుండెను. 1961లో అమెరికా అమెచ్యూరు పోటీ సందర్భమున డీన్ బీమన్ సలహాపై జాక్ నిక్లాస్ మైదానమును అడుగులతో కొలిచి వ్రాసికొనుట, ఆ పిదప ఆ పద్ధతి వ్యాపించుట, క్రీడాచరిత్రలో చెప్పుకొనదగిన సంగతి.

ఇక ఆకాశము కొలతకఱ్ఱ యగుట కడపటి మెట్టు. 1978లో తొలి జీపీఎస్ ఉపగ్రహమును ఎగురవేసిన అమెరికా సైన్యము, అట్టి ఉపగ్రహముల సంకేతమును సామాన్యులకు బుద్ధిపూర్వకముగా మసకబఱచి ఇచ్చుటచే, సుమారు నూఱు మీటర్ల దోషము కలుగుచుండెను. 2000 మే మొదట ఆ మసకను తొలగించిరి. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహములలో నాలుగింటి సంకేతములు అందినచో, ఎవరికైనను తానున్న తావు కొన్ని మీటర్ల తేడాతో తెలియును. అందుకు రుసుము లేదు. గోల్ఫు నియమములు 2006లో స్థానిక అనుమతితోను, 2019 నుండి సాధారణముగాను దూరమాపక పరికరములను అంగీకరించినవి. ఎత్తుపల్లముల లెక్క చూపు సదుపాయమును మాత్రము పోటీలో వాడరాదు.

కావున కొనువారు మొదట గ్రహింపవలసినది, ఖరీదైన పరికరమునకును చౌకదానికిని ఆకాశమునుండి వచ్చు సంకేతము ఒక్కటే యనుట. భేదము ముఖ్యముగా లోపలి పటమునందు కలదు: తామాడు మైదానపు పటము దానిలో నున్నదా, జెండా నిలిపిన పచ్చికగుండ్రపు (గ్రీన్) ముందంచు, నడుమ, వెనుకంచు అను మూడు దూరములను ఎండలోను స్పష్టముగా చూపునా, పదునెనిమిది గుంతల ఆట ముగియువరకు బ్యాటరీ నిలుచునా, ఏటేట చందా కట్టవలయునా యని విచారింపవలెను. జీపీఎస్‌కు బదులు వాడు లేజరు పరికరము జెండా దూరమునే సూటిగా చెప్పును గాని, చెట్టో మిట్టయో అడ్డమైనచో నిరుపయోగము. ఇనుప కఱ్ఱలలో ఒకదానికిని పక్కదానికిని నడుమ బంతి పోవు దూరమున తేడా సుమారు పది గజములు. కొత్తవాని బంతి చెదరుట అంతకు మిక్కుటము. ఇట్టి ఆటకు నాలుగైదు గజముల దోషము దోషమే కాదు. ఫోనులోని ఉచిత యాప్ తోనే ఆరంభించి, అవసరము తోచినపుడు సాదా పరికరమును కొనుట వివేకము.

అదే దోషమును తొర్రూరు చెలకలోనికి తెచ్చి చూడుడు. గుంట యొక్క ఒక ప్రక్క పది మీటర్లే. అచట నాలుగు మీటర్ల పొరపాటు ఒక కుటుంబపు జీవనాధారమును తాకును. రైతు తన చేని చుట్టును ఫోనుతో నడచి విస్తీర్ణమును ఉజ్జాయింపుగా తెలిసికొనవచ్చును, దున్నకమునకో కోతకో కిరాయి లెక్క వేసికొనవచ్చును. హద్దు తగవునకు మాత్రము సెంటీమీటర్లలో చెప్పు సర్వేయరు యంత్రమే శరణ్యము. పని ఎంత పొరపాటును సహించునో ముందు తెలిసికొని, పిమ్మట వెల అడుగుటయే పరికరమును ఎన్నుకొను విధానము. రాజుల గడయందును, దొరల గొలుసునందును, పట్వారి పెట్టెయందును బందీయై యుండిన కొలత నేడు అందఱి చేతికిని వచ్చినది. ఆటగాడైనను, కౌలురైతైనను, దానిని చదువ నేర్చుకొనినవాడు తన దూరము కొఱకు ఒరుల మాటపై ఆధారపడ నక్కఱలేదు.