మెలట్టూరు భాగవతమేళము

తంజావూరు మండలమున మెలట్టూరను గ్రామము కలదు. ఏటేట వైశాఖమున, నృసింహజయంతి సందర్భమున, అచ్చటి వరదరాజస్వామి యాలయసన్నిధిని ‘ప్రహ్లాదచరిత్రము’ను రాత్రియెల్ల ప్రదర్శింతురు. పాట తెలుగు, చూచువారిలో పెక్కురు తమిళులు. మాటలకు అర్థము తెలియనివారు సైతము కథ వెంట సాగిపోవుదురు. ఇది యెట్లు సాధ్యమైనదని మనము విచారింపవలసియున్నది.

తంజావూరు నేలిన నాయకరాజుల ప్రభుత్వము 1673లో అంతరించినది. పిమ్మట 1855 వరకు మరాఠా ప్రభువులుండిరి. రాజ్యము చేతులు మారినను ఆ సీమలో తెలుగు పాటకు ఆదరము తగ్గలేదు. నాయకరాజులలో అచ్యుతప్పనాయకుడు బ్రాహ్మణ కుటుంబముల కీ గ్రామమును దానమొసగెనని ప్రతీతి. అచ్యుతాబ్ధియను పేరు అందుచేతనే వచ్చినదందురు. మరాఠా ప్రభువుల కాలమున మెలట్టూరు వేంకటరామశాస్త్రి ప్రహ్లాదచరిత్రము, ఉషాపరిణయము, హరిశ్చంద్ర మొదలగు నాటకములను తెలుగున రచించెను.

ప్రహ్లాదుని కథలో తండ్రి పంతమును, బిడ్డ నిశ్చయమును, నడుమ నలిగిన తల్లి హృదయమును ఉన్నవి. ఇవి యే భాషవారి యింటనైన నెరిగినవే. పాత్ర ప్రవేశదరువుతో రంగమునకు వచ్చును. ఆ నడకయే దాని స్వభావమును తెలుపును. గాయకుడొక చరణమును మరల మరల పాడుచుండ, నటుడు కన్నులతోను హస్తములతోను అందలి భావమును కొంచెము కొంచెముగా విప్పి చూపును. కేకలు వేసి కన్నీరు తెప్పించు పద్ధతి కాదిది. నృసింహుని వేషమునకు ధరించు ముఖపు తొడుగు పూజలందుకొనునట్టిది. దానిని ధరించువాడు ఉపవసించి వేషము కట్టును. తాను నమ్మనిదానిని ఇతరులచే నమ్మించుట కష్టమని ఆ పెద్దలెరుగుదురు.

అయితే భావ మొక్కటే చాలునని మనము తృప్తిపడరాదు. తల్లి దుఃఖపడుచున్నదని అభినయము తెలుపును. ఏమని దుఃఖపడుచున్నదో తెలుపవలసినది మాటయే. మన యిండ్లలో పిల్లలు తెలుగు కీర్తనలను తమిళ లిపిలో వ్రాసికొని చక్కగా పాడుచున్నారు. మనము రాగమును మెచ్చుకొందుము. అర్థమడిగినచో పెద్దలమే తడబడుదుము. పిమ్మట పిల్లలు భాషను మరచిరని కోపింతుము. ఆ కోపమువలన వారికి సిగ్గు కలుగునేకాని తెలుగు రాదు.

మెలట్టూరి వారు పరభాషీయులను తెలుగు పాట చెంతకు రప్పించినది మందలింపుతో గాదు, కథతో. మనమును ఆ మార్గమునే పట్టుదము. ఒక కీర్తన నేర్పిన నాడు అందలి కథను గూడ రాత్రి భోజనముల వేళ తెలుగుననే చెప్పుదము. ప్రహ్లాదుని తల్లి యేమన్నదో వినవలెనని బిడ్డకు కోరిక పుట్టినచో, ఆమె మాటలను ఆ బిడ్డయే అడిగి నేర్చుకొనును.