సంక్షేమాధికారి నుంచి మానవ వనరుల విభాగం దాకా: పల్నాటి కర్మాగారాల నేపథ్యం

1958లో మాచర్లలో కె.సి.పి. సిమెంటు కర్మాగారం వెలసేనాటికి 1948 ఫ్యాక్టరీల చట్టం అమలులో ఉంది. కార్మికులు 500 మంది, ఆపైన ఉన్నచోట సంక్షేమాధికారిని నియమించాలని అందులోని 49వ సెక్షను నిర్దేశించింది. నేటి మానవ వనరుల విభాగానికి ఈ పదవి ఒక మూలం. క్యాంటీను, విశ్రాంతి గదుల గురించి వివరంగా చెప్పిన చట్టం మనోవేదన ఊసెత్తలేదు. గదిని తనిఖీ చేయవచ్చు, దిగులును చేయలేరు గదా! అయితే ఆ అధికారి కార్మికులపై క్రమశిక్షణ చర్యలు చేపట్టరాదని కొన్ని రాష్ట్రాల నియమావళులు కట్టడి చేయడం గమనార్హం. మానవ వనరుల విభాగంలో ఈ రెండు పనులూ తరచు ఒకే బల్లపైకి చేరాయి. రాత్రి షిఫ్టుల వల్ల నిద్ర కరవైన కార్మికుడు ఆ మాటను తనకు మెమో ఇచ్చే అధికారికే చెప్పుకోవలసి వస్తుంది. విన్నది సర్వీసు రికార్డుకు ఎక్కకుండా చూడటం, షిఫ్టు మార్పును శిక్షగా వాడకపోవడం ఆ సిబ్బంది చేయగల తొలి పనులు. 2022లో మొదలైన ఉచిత మానసిక సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416ను నోటీసు బోర్డుపై అతికించడం సులువు. పనివేళల్లో ఆ ఫోను చేసుకోవడానికి చాటైన గది, పావుగంట విరామం ఇవ్వవలసిందీ ఆ విభాగమే.