“ఇత్యమరః” నుండి లంకె దాకా



కోలాచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాస్తూ, ఒక పదానికి అర్థం చెప్పి “ఇత్యమరః” అని ముగిస్తాడు. అమరకోశంలో ఎన్నో శ్లోకమో చెప్పడు. చెప్పవలసిన అవసరమూ లేదు. ఆనాటి విద్యార్థికి అమరం కంఠస్థం. పేరు వినబడగానే శ్లోకం నోటికి వచ్చేది. మెదకు సీమవాడని ప్రసిద్ధికెక్కిన ఆ మహావ్యాఖ్యాత విద్యార్థిని మూలగ్రంథానికి తిన్నగా చేర్చిన పద్ధతి అది. ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, పేరు మారనిది. రెండు, ఆ పేరు గలది విద్యార్థికి అందుబాటులో ఉన్నది. తరువాతి చరిత్ర అంతా ఈ రెండింటినీ తిరిగి సంపాదించుకోవడానికి పడిన పాట్లేనని నాకు తోస్తుంది.

1665లో పారిస్‌లో జూర్నల్ దె సావాన్, లండన్‌లో ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ మొదలయ్యాయి. విద్య కంఠాన్ని వదలి బీరువాలకు చేరింది. రచయిత పేరు, సంపుటం, పుట చెప్పడం పండితలోకానికి మర్యాద అయింది. మన తెలుగులోనూ అంతే. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు నెలకొల్పిన ‘భారతి’లోని వ్యాసాలను మా తరంవారు సంవత్సరం, నెల గుర్తుపెట్టుకొని గ్రంథాలయాలలో వెతికేవాళ్ళం. సూచన సరిగానే ఉండేది, సంచికే దొరికేది కాదు.

అమెరికాలో సమస్య వేరు. అక్కడ సంచికలు పెరిగిపోయి బీరువాలు చాలలేదు. మెల్లన్ ఫౌండేషన్ అధ్యక్షుడు విలియం బోవెన్ పూనికతో 1995లో జేస్టోర్ స్వతంత్ర సంస్థగా ఏర్పడింది. చరిత్ర, అర్థశాస్త్రాలకు చెందిన కొద్ది పత్రికల పాత సంచికలను పుట పుటా బొమ్మ తీసి కంప్యూటరు కెక్కించారు. ఉపాధ్యాయుడు ఒక లంకె ఇస్తే విద్యార్థి కూర్చున్నచోటనే వ్యాసం చదువుకొనే రోజు వచ్చింది.

అయితే లంకె అనేది పేరు కాదు, చిరునామా. ఇల్లు మారితే పాత చిరునామాకు వేసిన ఉత్తరం ఏమవుతుందో మనకు తెలిసిందే. 2014లో వెలువడిన ఒక పరిశీలనలో, హార్వర్డ్ లా రివ్యూ తదితర పత్రికలు ఇచ్చిన లంకెలలో 70 శాతానికి పైగా, అమెరికా సుప్రీంకోర్టు తీర్పులలోని లంకెలలో సగం, తాము ఉదహరించిన విషయాన్ని చూపడం లేదని తేలింది. న్యాయమూర్తుల సూచనలకే ఈ గతి పడితే, మామూలు పాఠ్యప్రణాళికల సంగతి చెప్పేదేముంది?

ఈ వ్యాధికి మందు అప్పటికే తయారైంది. దానిపేరు డి.ఓ.ఐ. 10తో మొదలయ్యే ఒక సంఖ్య, ఒక ఏటవాలు గీత, ఆపైన ప్రచురణకర్త ఇచ్చిన గుర్తు, ఇంతే దాని స్వరూపం. ప్రచురణకర్తలు కలిసి 2000లో క్రాస్‌రెఫ్ అనే సంస్థను నడపసాగారు. వ్యాసం చోటు మారినప్పుడు పట్టికలో చిరునామా దిద్దుతారు, వ్యాసానికి పెట్టిన గుర్తు మాత్రం మారదు. అంటే “ఇత్యమరః” మళ్ళీ వచ్చిందన్నమాట.

ఇక రెండవది, అందుబాటు. డి.ఓ.ఐ. విద్యార్థిని ప్రచురణకర్త గుమ్మానికి తీసుకుపోతుంది. అక్కడ వెల చెబుతారు. అదే వ్యాసానికి తన కళాశాల వేరొకచోట చందా కట్టి ఉన్నదని పాపం ఆ పిల్లవానికి తెలియదు. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ వాన్ డె సొంపెల్ ఈ చిక్కును గుర్తించి, చదువరికి హక్కు ఉన్న ప్రతినే చూపించే ఓపెన్ యు.ఆర్.ఎల్. పద్ధతికి ఆద్యుడయ్యాడు. 1999లో అరిజోనాలోని ఒక కళాశాల గ్రంథపాలకుడు క్రిస్ జాగర్ ఈజీప్రాక్సీని సృష్టించాడు. లంకెకు ముందు గ్రంథాలయపు చిరునామా తగిలిస్తే, ఇంటి నుండి చదివే విద్యార్థిని పేరు, సంకేతపదం అడిగి లోనికి పంపుతుంది.

చందా కట్టలేని కళాశాల మాటేమిటి? 2002లో బుడాపెస్ట్ ప్రకటన పరిశోధన వ్యాసాలు అందరికీ ఉచితంగా అందాలన్నది. మన దేశంలో 2024 నవంబరు 25న కేంద్ర మంత్రిమండలి ‘ఒక దేశం, ఒక చందా’ పథకాన్ని ఆమోదించింది. 2025 నుండి మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలు, సుమారు 13,000 పత్రికలు, దాదాపు 1.8 కోట్ల మంది చదువరులు. గొప్ప పనే. కాని అది ప్రభుత్వ విద్యాసంస్థలను, కేంద్ర పరిశోధన సంస్థలను ఉద్దేశించి మొదలైన పథకం. మన రెండు రాష్ట్రాలలో చిన్న ఊళ్ళ ప్రైవేటు కళాశాలలలో డిగ్రీ చదివే బిడ్డలు ఎందరో! వారు గుమ్మం బయటనే నిలబడితే ఆ పథకం సగమే ఫలించినట్లు.

కనుక పాఠం చెప్పే మిత్రులకు నాదొక మనవి. లంకె ఇచ్చేటప్పుడు వెతుకులాట పుటలోని పొడవాటి చిరునామా కాక, డి.ఓ.ఐ. ఇవ్వండి. దాని పక్కనే రచయిత, వ్యాసం, పత్రిక, సంపుటం, సంవత్సరం కూడా రాయండి. లంకె తెగినా పేరు మిగులుతుంది. ఇచ్చే ముందు మీ హక్కులతో కాక, ఏ హక్కూ లేని విద్యార్థిలా ఒకసారి తెరచి చూడండి. గుమ్మం మూసి ఉంటే, రచయిత స్వయంగా ఉచితంగా ఉంచిన ప్రతి ఎక్కడైనా ఉన్నదేమో వెతికి దానిని కూడా చేర్చండి. మూలం విద్యార్థి చేతికి అందినప్పుడే మనం దారి చూపినట్లు.