విహారయాత్ర, నదీయానం, మునిగిన లోయ: నైలు – కృష్ణా తీరాల పురాదర్శన చరిత్ర

వ్యాససంగ్రహం:
ప్రాచీన కట్టడాల సందర్శననూ నదీప్రయాణాన్నీ ఒకే యాత్రగా కూర్చుకొనే పద్ధతికి నైలు లోయ ప్రసిద్ధమైన ఉదాహరణ. ఏ కట్టడాన్ని ముందు చూడాలి, ఏది తర్వాత, ఎంతసేపు అన్న నిర్ణయాలను అక్కడ మొదట గాలి, ఆ తర్వాత ఆవిరి, చివరకు ఆనకట్ట శాసించిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. దాదాపు అదే కాలంలో ఆనకట్ట వల్లనే పడవయాత్రగా మారిన నాగార్జునకొండ దర్శనాన్ని దానితో పోల్చి చూస్తుంది.

కీలకపదాలు: విహారయాత్ర, నైలు నది, అబూ సింబెల్, ఫిలే, నాగార్జునకొండ, విజయపురి, ముంపు, నిర్వాసితులు.

ఉపోద్ఘాతం

'విహారయాత్ర' అన్న మాటను మనం సెలవుల సందర్భంలో ఎంతో తేలికగా వాడుతున్నాం. ఆ మాట వయసు మాత్రం తక్కువది కాదు. అశోకుని ఎనిమిదవ శిలాశాసనంలో దాని ప్రాకృత రూపం కనిపిస్తుంది. పూర్వరాజులు వేట మొదలైన వినోదాల కోసం విహారయాత్రలకు వెళ్ళేవారని, తాను పట్టాభిషేకమైన పదేళ్ళకు సంబోధికి వెళ్ళి ధర్మయాత్రలు ఆరంభించానని అశోకుడు చెప్పుకొన్నాడు. ఈ శాసనపాఠం మన ఎర్రగుడిలోని బండల మీద కూడా ఉంది. ధర్మయాత్రలో ఏమేమి చేయాలో కూడా ఆ శాసనమే చెబుతుంది. బ్రాహ్మణ శ్రమణుల దర్శనం, వృద్ధులకు దానం, జనపదాల ప్రజలను కలుసుకోవడం. ఈ మూడవ అంశం ఈ వ్యాసంలో మళ్ళీ అవసరమవుతుంది.

తెలుగులో యాత్రాసాహిత్య పరిశోధన సహజంగానే ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర (1830–31)తో మొదలై తీర్థయాత్రల చుట్టూ తిరుగుతుంది. శిథిలాలను చూడటానికే చేసే ప్రయాణం, అందులోనూ పడవ మీద చేసేది, మన పరిశీలనకు అంతగా వచ్చినట్లు లేదు. అందుకు నైలు నుండి మొదలుపెట్టడం సౌకర్యం.

గాలి రాసిన కార్యక్రమం

నైలు దక్షిణం నుండి ఉత్తరానికి ప్రవహిస్తుంది. ఆ లోయలో గాలి ఎక్కువ కాలం ఉత్తరం నుండి దక్షిణానికి వీస్తుంది. ఎగువకు పోవాలంటే తెరచాప ఎత్తితే చాలు, దిగువకు రావాలంటే చాప దించి ప్రవాహానికి వదిలితే చాలు. ఈజిప్టు చిత్రలిపిలో దక్షిణానికి ప్రయాణించడాన్ని సూచించే గుర్తు చాప ఎత్తిన పడవ, ఉత్తర ప్రయాణానికి గుర్తు చాప లేని పడవ. ఒక దేశపు భూగోళశాస్త్రమంతా రెండు అక్షరచిత్రాలలో ఇమిడిపోయింది.

నదినీ ఆలయాన్నీ కలిపిన ప్రయాణం అక్కడ పర్యాటకులు కనిపెట్టింది కాదు. కర్నాక్ నుండి లక్సర్‌కు అమున్ దేవుని ఊరేగింపు, డెండెరా నుండి ఎడ్ఫూకు హాథోర్ దేవి నదీయానం అక్కడి ఉత్సవాలు. మన తెప్పోత్సవాలు తెలిసినవారికి వీటిని వేరుగా వివరించనక్కరలేదు. పరదేశపు ప్రయాణికుల జాడలు కూడా పాతవే. రెండవ సామ్మెటికస్ కాలంలో, క్రీస్తుపూర్వం ఆరవ శతాబ్ది ఆరంభంలో, పడవల మీద ఎగువకు వెళ్ళిన గ్రీకు కిరాయి సైనికులు అబూ సింబెల్‌లోని రామ్సెస్ విగ్రహపు కాలిమీద తమ పేర్లు చెక్కిపోయారు. అప్పటికే ఆ ఆలయానికి ఆరువందల ఏళ్ళు దాటాయి. గోడల మీద పేర్లు గీకే అలవాటును మన విద్యార్థులకే అంటగట్టేవారు ఈ సంగతి గమనించాలి.

చిత్రలిపిని షాంపోలియన్ ఛేదించిన (1822) తర్వాత ఐరోపా యాత్రికుల రాక పెరిగింది. వారు వాడినది 'దహబియ్యా' అనే పొడవైన తెరచాప పడవ. కైరోలో దానిని నెలల లెక్కన అద్దెకు తీసుకొని, సరంగుతో ఒప్పందపత్రం రాసుకొని, వంటవానినీ దుబాసీనీ కుదుర్చుకొని బయలుదేరేవారు. 1847లో గార్డ్‌నర్ విల్కిన్‌సన్ కూర్చగా మర్రే సంస్థ ప్రచురించిన మార్గదర్శి, ఎలుకలు పోవడానికి పడవను ఎక్కేముందు ఒకసారి నీటిలో ముంచి తీయించమని సలహా ఇస్తుంది. విలాసయాత్ర అని మనం ఊహించుకొనేది ఇలా మొదలయ్యేది.

ఆ కాలపు ప్రణాళికలో ముఖ్యసూత్రం ఒకటే. గాలి అనుకూలంగా ఉన్నంతకాలం ఎక్కడా ఆగకుండా ఎగువకు సాగిపోవాలి, కట్టడాలను తిరుగు ప్రయాణంలో తీరికగా చూడాలి. ఇది చరిత్ర విద్యార్థికి ఇబ్బంది కలిగించే క్రమం. ఉత్తరాన గీజా పిరమిడ్లు ప్రాచీన రాజ్యానివి. ఎగువకు పోతే బెనీ హసన్ సమాధులు మధ్య రాజ్యానివి. ఇంకా ఎగువన థీబ్స్ నవీన రాజ్యానిది. ఆపైన ఎస్నా, ఎడ్ఫూ, కోమ్ ఒంబో, ఫిలే ఆలయాలు గ్రీకు, రోమన్ పాలకుల కాలానివి. అబూ సింబెల్ వంటి అపవాదాలను మినహాయిస్తే, ఎగువకు పోవడమంటే కాలంలో ముందుకు రావడమే. తిరుగు ప్రయాణంలో చూసేవారు ఈ చరిత్రను చివరి పుట నుండి మొదటి పుటకు చదివేవారన్నమాట.

ఈ యాత్రలలో అమీలియా ఎడ్వర్డ్స్ చేసినది (1873–74) ప్రత్యేకమైనది. ఆమె ఈజిప్టుకు వెళ్ళాలని ముందుగా అనుకోలేదు. ఫ్రాన్సులో బొమ్మలు వేసుకొనే యాత్ర వానలకు చెడిపోతే ఎండ కోసం కైరో చేరింది. యాత్రాప్రణాళికల చరిత్రలో అత్యంత ఫలవంతమైన ప్రయాణాలలో ఒకటి ప్రణాళిక లేకుండా జరగడం విశేషం. 1874 ఆరంభంలో అబూ సింబెల్ వద్ద ఆమె బృందం రెండు వారాలకు పైగా ఆగింది. ఇసుకలో కూరుకుపోయిన ఒక చిన్న చిత్రిత మందిరాన్ని వెలికితీసింది. అంతకు పూర్వం ఎవరో అచ్చు తీసినపుడు విగ్రహపు ముఖం మీద మిగిలిన తెల్లని సున్నపు మరకలను పడవవాళ్ళ చేత గీకించి, పోని మచ్చలకు కాఫీ పూయించి రాతిరంగు తెప్పించింది. సంరక్షణశాస్త్రం దీనిని ఒప్పుకోదు. అయినా రెండు వారాలు ఒకేచోట నిలబడి చూసిన మనిషికే ఆ మరకలు బాధ కలిగిస్తాయి. ఆమె యాత్రాగ్రంథం 1877లో వెలువడింది. 1882లో ఈజిప్టు అన్వేషణనిధి స్థాపనకు ఆమె ముఖ్యకారకురాలైంది. తీరికగా సాగిన ఒక పడవప్రయాణం నుండి ఒక పరిశోధనాసంస్థ పుట్టింది.

ఆవిరి, ఆనకట్ట

అప్పటికే మరో పద్ధతి వచ్చేసింది. సూయజ్ కాలువ తెరిచిన 1869లోనే థామస్ కుక్ తన మొదటి బృందాన్ని నైలు మీద ఆవిరిపడవలలో నడిపాడు. ఆవిరికి గాలితో పనిలేదు. అందువల్ల ఎప్పుడు ఏ రేవుకు చేరేదీ ముందే అచ్చు వేయవచ్చు. కైరో నుండి అస్వాన్‌కు వెళ్ళి రావడానికి ఇరవై రోజుల యాత్ర స్థిరపడింది. నెలల తరబడి తీరిక, సంపద ఉన్నవారికే పరిమితమైన దర్శనం మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చింది. దీనిని కేవలం దిగజారుడుగా చూసిన ఆనాటి దహబియ్యా యాత్రికుల ఈసడింపులో వర్గాహంకారం కనిపిస్తుంది. ఆ ఈసడింపును పరిశోధకులు యథాతథంగా స్వీకరించకూడదని నా అభిప్రాయం. అయితే కట్టడం ముందు నిలబడే సమయాన్ని ఇకపై గంట కొట్టే పడవ నిర్ణయించిందన్నది నిజం.

మూడవ మార్పు ఆనకట్ట. 1902లో పూర్తయి, తర్వాత రెండుసార్లు ఎత్తు పెరిగిన అస్వాన్ పాత ఆనకట్ట వల్ల ఫిలే ఆలయాలు ఏడాదిలో అధికభాగం నీట మునిగేవి. యాత్రికులు స్తంభాల నడుమ పడవలలో తిరిగేవారు. ఆ దృశ్యం కొందరికి వినోదం. ఫ్రెంచి రచయిత పియేర్ లోతీకి మాత్రం అది మరణదృశ్యం. ఆయన తన గ్రంథానికి పెట్టిన పేరే ఫిలే మరణం.

1960 జనవరిలో ఎత్తైన ఆనకట్ట నిర్మాణం మొదలైంది. అదే ఏడాది మార్చి 8న నూబియా కట్టడాలను కాపాడమని యునెస్కో ప్రపంచానికి విజ్ఞప్తి చేసింది. 1964–68 మధ్య అబూ సింబెల్ ఆలయాలను వెయ్యికి పైగా ఖండాలుగా కోసి, సుమారు 65 మీటర్ల ఎత్తున, 200 మీటర్లు వెనక్కి జరిపి తిరిగి కూర్చారు. ఏడాదికి రెండుసార్లు గర్భాలయంలోకి చొచ్చే సూర్యకిరణం అప్పటి నుండి ఒకరోజు ఆలస్యంగా, ఫిబ్రవరి 22న, అక్టోబరు 22న వస్తున్నదని చెబుతారు. ఫిలే ఆలయాలను పక్కనున్న అగిల్కియా ద్వీపానికి తరలించి 1980లో తెరిచారు.

ఈనాడు లక్సర్ – అస్వాన్ మధ్య మూడు నాలుగు రాత్రుల నౌకాయాత్రకు ఆధారం ఈ ఆనకట్టే. వరద లేదు, ప్రవాహమట్టం అదుపులో ఉంది, నౌకలు ఏడాది పొడుగునా నడుస్తాయి. అదే ఆనకట్ట పాత యాత్రను రెండుగా తెంచింది కూడా. గ్రీకు సైనికుడూ ఎడ్వర్డ్సూ పడవ మీదనే చేరుకొన్న అబూ సింబెల్‌కు నేటి యాత్రికుడు అస్వాన్‌లో నౌక దిగి ఎడారి రోడ్డు మీద పోవాలి, లేదా నాసర్ సరస్సులో వేరే నౌక ఎక్కాలి.

కృష్ణా లోయ

నూబియాకు తరలివెళ్ళిన దేశాలలో భారతదేశం ఒకటి. బి.బి. లాల్ నాయకత్వంలో భారత పురావస్తుశాఖ బృందం 1961–62లో అక్కడి ఆఫియే వద్ద తవ్వకాలు జరిపింది. ఆ బృందానికి మునిగే లోయ కొత్త అనుభవం కాదు. అదే శాఖ అప్పుడే ఒక లోయను ఖాళీ చేసి వచ్చింది.

ఎ. రంగస్వామి సరస్వతి 1926లో వెలుగులోకి తెచ్చిన నాగార్జునకొండ, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న చోటు. లాంగ్‌హర్స్ట్ 1927–31లోనూ, టి.ఎన్. రామచంద్రన్ 1938లోనూ తవ్వకాలు జరిపారు. నాగార్జునసాగర్ ప్రతిపాదనతో కాలం ముంచుకొచ్చింది. ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో 1954 నుండి 1960 వరకు వందకు పైగా స్థలాలను తవ్వారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసినప్పుడు లోయలో తవ్వకం సాగుతూనే ఉంది. యునెస్కో విజ్ఞప్తి కంటే ఇది ముందు జరిగిన పని. ప్రపంచ పురావస్తు రక్షణ చరిత్రను అబూ సింబెల్‌తో ఆరంభించే పుస్తకాలు ఈ ఆరేళ్ళను ఒక వాక్యంలోనైనా పేర్కొనకపోవడం లోపమే.

ఆ విజయపురి కూడా ప్రయాణికుల నగరమే. సింహళ భిక్షువులకు అక్కడ ప్రత్యేక విహారం ఉండేది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం కాశ్మీర, గాంధార, చీన, వంగ, యవన, దమిళ, తామ్రపర్ణి మొదలైన దేశాలను వరుసగా పేర్కొంటుంది. 'విహారం' అంటే వారికి భిక్షువుల నివాసం, మనకు షికారు. ఒకే మాట రెండర్థాలూ కలిసే చోటు నాగార్జునకొండ. కృష్ణలోకి రాతిమెట్లతో దిగే స్నానఘట్టం అక్కడి కట్టడాలలో నాకు అన్నింటికంటే ఆలోచన కలిగించేది. దానిని రాయి రాయిగా విప్పి కొండ మీద తిరిగి కూర్చారు. నది నుండి వేరుచేసిన ఘట్టాన్ని ఇప్పుడు నది మీదుగా వెళ్ళి చూస్తున్నాం.

ఎంపిక చేసిన మరికొన్ని కట్టడాలు ఆ కొండ మీదకు చేరాయి. కొన్నింటిని ఒడ్డున అనుపు వద్ద పునర్నిర్మించారు. చుట్టూ నీరు నిండి కొండ ద్వీపమైంది. విజయపురి సౌత్ రేవు నుండి లాంచీ ఎక్కితే తప్ప ప్రదర్శనశాలను చూడలేం. కాబట్టి ఇక్కడి నదీయానం కట్టడాల దర్శనానికి తోడుగా పుట్టిన వినోదం కాదు, ముంపు మిగిల్చిన ఏకైక దారి. నీటిమట్టం చాలినంత ఉన్నప్పుడు సాగర్ నుండి శ్రీశైలానికి కూడా లాంచీ ప్రయాణం సాగుతుంది. శ్రీశైలం జలాశయపు ముంపు నుండి కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురానికి తరలింది. సప్తనదీ సంగమేశ్వరం మాత్రం అక్కడే ఉండి, ఒకప్పటి ఫిలే లాగా ఏటా మునిగి, వేసవిలో బయటపడుతున్నది.

యాత్రలో కనిపించనివారు

ఎత్తైన ఆనకట్ట వల్ల ఈజిప్టులో సుమారు 50,000 మంది నూబియన్లు కోమ్ ఒంబో పరిసరాలకు తరలవలసి వచ్చింది. దాదాపు అంతేమంది సూడాన్‌లో ఖష్మ్ ఎల్ గిర్బాకు పోయారు. ఆలయాన్ని 65 మీటర్లు జరపడానికి ఎన్నో దేశాలు కలిసివచ్చాయి. మనుషులు వందల కిలోమీటర్లు జరిగితే అది ఒక ప్రభుత్వపు ఆంతరంగిక వ్యవహారమైంది. నౌకాయాత్రలో వీరి ప్రస్తావన అలంకారప్రాయం. అస్వాన్ వద్ద రంగులు వేసిన 'నూబియన్ పల్లె'లో ఒక సాయంత్రం గడపడంతో అది ముగుస్తుంది.

మన లోయలోనూ ఊళ్ళు ఉన్నాయి. లాంగ్‌హర్స్ట్ కాలం నుండి పురావస్తు రచనలలో ఆనవాలుగా వినిపించే పుల్లారెడ్డిగూడెం అటువంటిదే. ఫలానా స్తూపం దానికి ఎంత దూరం, ఏ దిక్కు అన్న లెక్కకు ఆ పేరు పనికివచ్చింది. ఊరు మునిగింది, పేరు తవ్వకాల నివేదికలో కొలతగా మిగిలింది.

నేను రెండేళ్ళ క్రితం స్నాతకోత్తర విద్యార్థులతో నాగార్జునకొండకు వెళ్ళినప్పుడు, పాఠ్యాంశం ప్రకారం ఇక్ష్వాకు శాసనాల భాష మీద మాత్రమే కార్యక్రమం వేసుకొన్నాను. లాంచీ తిరుగు సమయం ముందే చెప్పినందున ప్రదర్శనశాలలో మునిగిన లోయ నమూనా దగ్గర కొద్ది నిమిషాలే ఆగగలిగాం. తిరిగి వస్తుంటే లాంచీలో ఒక పెద్దాయన, గట్టువైపు కాకుండా నీటివైపు చేయి చూపిస్తూ మా విద్యార్థులలో ఒకమ్మాయితో, "మా నాయన అరక దున్నింది ఆడనేనమ్మా, మనం పొయ్యేది మా చేల మీదనే" అన్నారు. ఆమె నోటుపుస్తకం తీసింది. ఊరి పేరు అడిగి, పంట ఏమిటో అడిగి, రాసుకొంటుండగానే రేవు వచ్చేసింది. ఆయన సంచీ భుజాన వేసుకొని దిగిపోయారు.

మరుసటి ఏడాది నుండి ఈ క్షేత్రపర్యటనను రెండు రోజులు చేశాను. మొదటి రోజు లాంచీ, ద్వీపం. రెండవ రోజు గట్టు మీద, నిర్వాసితులు స్థిరపడిన కాలనీలలో. ఆ రోజు విద్యార్థులు మునిగిన ఊళ్ళ పేర్లు, చేల పేర్లు, వాగుల పేర్లు సేకరిస్తున్నారు. శాసనాలలో గ్రామనామాలను పరిశీలించే పద్ధతినే ఆ జాబితాకూ వర్తింపజేస్తున్నాం. ఇప్పటికి అది ఒక నోటుపుస్తకం దాటి రెండవదానిలోకి వచ్చింది.