మన్యంలో కుటీర విడిది.. గది కన్నా ముందు దారి చూసుకోవాలి

అరకులోయ: కార్తికం ముగిసి చలి ముదిరిందంటే మన్యం దారులన్నీ వాహనాలతో కిక్కిరిసిపోతాయి. ఒకప్పుడు అరకు యాత్ర అంటే విశాఖపట్నంలో తెల్లవారుజామున కిరండూల్ ప్యాసింజర్ ఎక్కి రాత్రికి ఇల్లు చేరుకోవడమే. ఇప్పుడు కొండల్లో ఒక రాత్రయినా గడపాలన్న కోరిక పెరిగింది. అందుకు తగ్గట్టే అనంతగిరి మొదలు లంబసింగి దాకా చెక్క కాటేజీలు, వెదురు కుటీరాలు, గుడారాల విడిదులు వెలిశాయి. సెల్‌ఫోనులో నాలుగు ఫొటోలు చూసి, సొమ్ము చెల్లించి, పిల్లాపాపలతో బయలుదేరేవారు ఎక్కువయ్యారు. ఫొటోలో పొగమంచు కనిపిస్తుంది గాని, అక్కడికి చేరే దారి కనిపించదు. మన్యంలో విడిది ఎంపిక ఆ దారితోనే మొదలుకావాలి.

2021 ఫిబ్రవరి 12న అరకు చూసి తిరిగివస్తున్న హైదరాబాద్ పర్యాటకుల బస్సు అనంతగిరి మండలం డముకు సమీపాన మలుపు వద్ద లోయలో పడింది. నలుగురు మరణించారు. ఆ దుర్ఘటన పొద్దుగుంకిన తర్వాత జరిగింది. మైదాన ప్రాంతంలో గంటలో సాగే దూరానికి ఘాట్‌లో రెండు గంటలు పట్టవచ్చు. శీతకాలంలో సాయంత్రం ఆరింటికే చీకటి కమ్ముకుంటుంది, ఆ వెనుకే మంచు దిగుతుంది. కనుక మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకల్లా విడిదికి చేరేలా ప్రయాణం కుదుర్చుకోవాలి. అది వీలుకాకపోతే మొదటి రాత్రి కింద శృంగవరపుకోటలోనో నర్సీపట్నంలోనో ఆగి, మరునాడు ఉదయం కొండ ఎక్కడం ఉత్తమం. ఒక పూట అద్దె పోయినా నష్టం లేదు.

ఎవరికి ఏ చోటు?

విశాఖ నుంచి అరకు వెళ్లే దారిలో సుమారు 75 కిలోమీటర్ల దూరాన టైడ ఉంది. అడవి మధ్య చెక్క కుటీరాలతో రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ అక్కడ జంగిల్ బెల్స్ విడిదిని నెలకొల్పింది. పక్షుల కోసం, నిశ్శబ్దం కోసం వెళ్లేవారికి ఇది తగిన చోటు. బొర్రా గుహలు దాటి మరింత పైకి వెళితే అరకులోయ వస్తుంది. విశాఖకు 115 కిలోమీటర్ల దూరంలోని ఈ ఊళ్లో బజారు, రైల్వే స్టేషను, ప్రాంతీయ ఆసుపత్రి ఉన్నాయి. వృద్ధులు, చంటిపిల్లలు ఉన్న కుటుంబాలు మొదటిసారి వెళ్లేటప్పుడు అరకునే ఎంచుకోవాలి. రద్దీ ఎక్కువన్న మాట నిజమే. అయినా రాత్రివేళ జ్వరం వచ్చిన పిల్లవాడికి మందు దొరకడం అంతకన్నా పెద్ద సంగతి.

లంబసింగి తీరు వేరు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే దారిలో, సముద్రమట్టానికి సుమారు మూడు వేల అడుగుల ఎత్తున ఉన్న ఈ పల్లెలో డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత కొన్ని రోజులు సున్నాకు చేరువవుతుంది. ఆరుబయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని దీనికి కొర్రబయలు అన్న పేరు వచ్చిందని స్థానికులు చెబుతారు. ఇక్కడ గుడారాలే అధికం. యువకులకు అది సరదా కావచ్చు. ఉబ్బసం ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు మాత్రం గోడలు, తలుపు, సరైన పైకప్పు ఉన్న గదినే అడిగి తీసుకోవాలి.

నిప్పుల కుంపటి లోపల వద్దు

చలి అనగానే అందరూ స్వెటర్ల గురించే ఆలోచిస్తారు. ప్రాణానికి అసలు ముప్పు మరొకటి ఉంది. రాత్రి నెగడు ఆరాక మిగిలిన బొగ్గులను ఇనుప చట్టిలో వేసుకొని గదిలోనికో గుడారంలోనికో తెచ్చుకునే అలవాటు కొందరికి ఉంది. మూసిన గదిలో బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ వాయువు పేరుకుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారికి ఊపిరి ఆడడం లేదన్న సంగతి తెలియకముందే స్పృహ తప్పుతుంది. కిటికీ కొద్దిగా తెరిచి ఉంచితే సరిపోతుందనుకోవడం పొరపాటు. కుంపటి, బొగ్గుల పొయ్యి, పెట్రోలు జనరేటరు.. ఇవేవీ పడుకునే చోట ఉండరాదు. కిటికీ లేని స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఉంటే అదీ అంతే ప్రమాదం. అలాంటి చోట వేడినీళ్లు బకెట్లో తెచ్చి ఇమ్మని అడగాలి. చాలా విడిదుల్లో కట్టెల పొయ్యిపై నీళ్లు కాచే ఇస్తారు, అందుకు మొహమాటపడనక్కర్లేదు. అదనంగా రెండు కంబళ్లు ముందే చెప్పి ఉంచుకుంటే కుంపటి అవసరమే రాదు.

ఫోనులో అడగవలసినవి

సొమ్ము పంపే ముందు నిర్వాహకులతో స్వయంగా మాట్లాడాలి. విడిది వద్ద ఫోను సిగ్నలు ఉందా, ఉంటే ఏ కంపెనీది? ఏజెన్సీలో సిగ్నలు అందని పల్లెలు ఇప్పటికీ ఉన్నాయి. కారు కుటీరం వరకు వెళుతుందా, లేక సామాను మోసుకొని నడవాలా? మరుగుదొడ్డి గదికి ఆనుకొని ఉందా, ఆరుబయట ఉందా? ఆడవాళ్లు, వృద్ధులు ఉన్నప్పుడు ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. కరెంటు పోతే ఏర్పాటేమిటి? రాత్రి కాపలా ఎవరుంటారు? ఈ ప్రశ్నలకు తడుముకోకుండా బదులిచ్చే చోటును నమ్మవచ్చు. ముందుగా కొంత సొమ్మే పంపి, మిగిలినది గది చూశాక చెల్లిస్తామనాలి. ఒప్పుకోకపోతే మరో చోటు చూసుకోవడం మేలు.

పడక మంచం మీదా, నేల మీదా అన్నదీ అడగాలి. కట్లపాము రాత్రివేళ తిరుగుతుంది. నేలపై నిద్రిస్తున్నవారిని కాటేస్తే ఒక్కోసారి నొప్పే తెలియదు. మంచం, దోమతెర, చేతిలో టార్చిలైటు ఉంటే ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది. కాటు వేసిందన్న అనుమానం వచ్చినా మంత్రాలకు, నాటు వైద్యానికి పొద్దుపుచ్చక 108కు ఫోను చేసి, అరకు ప్రాంతీయ ఆసుపత్రికో పాడేరు జిల్లా ఆసుపత్రికో తరలించాలి. వానాకాలంలో మన్యంలో మలేరియా ప్రబలుతుంది. వెళ్లివచ్చిన రెండు, మూడు వారాల్లో చలిజ్వరం వస్తే ఏజెన్సీకి వెళ్లినట్లు వైద్యునికి తప్పక చెప్పాలి. ఒంటిపై మాడినట్లు నల్లటి పొక్కు కనిపిస్తే అదీ చూపించాలి. గడ్డిలో ఉండే నల్లి వంటి పురుగు కుట్టడం వలన వచ్చే స్క్రబ్ టైఫస్‌కు అది గుర్తు.

భూమి ఎవరిది?

పర్యాటకులు అడగని ప్రశ్న ఇది. జనవాడుకలో 1/70 చట్టంగా పేరొందిన 1970 నాటి సవరణ షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధించింది. అనంతగిరి మండలంలోని గనుల లీజులపై సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ రక్షణను మరింత బలపరిచింది. అయినా ఒకరి పేరిట భూమి, మరొకరి చేతిలో వ్యాపారం అన్నట్లు నడిచే విడిదులపై గిరిజన సంఘాలు అభ్యంతరం చెబుతూనే ఉన్నాయి. గిరిజన కుటుంబాలు తమ సొంత స్థలంలో నడుపుకునే విడిదిలో హంగులు తక్కువే ఉండవచ్చు. కాని అద్దె సొమ్ము ఆ ఊళ్లోనే ఉంటుంది, దారి తప్పితే వెతికి తెచ్చే మనిషీ ఉంటాడు. చోడి అంబలి, బొంగులో వండిన కోడి మాంసం కావాలంటే ఒక పూట ముందే చెప్పాలి. అప్పటికప్పుడు వండిపెట్టేవి కావవి.

కాలం విషయానికి వస్తే, వలిసె పూలు విరగబూసి పొలాలు పసుపుపచ్చగా కనిపించేది నవంబరు ప్రాంతంలో. కాఫీ పండ్ల కోత కూడా దాదాపు అప్పుడే మొదలవుతుంది. క్రిస్మస్ నుంచి సంక్రాంతి వరకు అద్దెలు బాగా పెరుగుతాయి, వారాంతాల్లో ఘాట్‌లో వాహనాలు గంటల తరబడి నిలిచిపోతాయి. సెలవు దొరికితే మంగళ, బుధవారాల్లో వెళ్లినవారికి అదే గది తక్కువ ధరకు వస్తుంది.

తిరుగు ప్రయాణం నాడు తొందర కూడదు. వంజంగి కొండపై సూర్యోదయం చూసి అటునుంచి అటే ఘాట్ దిగాలని చాలామంది తెల్లవారుజామున మూడింటికే లేచి బండి నడుపుతారు. నిద్ర చాలని డ్రైవరు, ఎదుట కనిపించని దారి.. ఈ రెండూ కలవరాదు. విడిదికి తిరిగివచ్చి, ఫలహారం చేసి, డ్రైవరుకు రెండు గంటలు కునుకు తీసే వీలిచ్చి, మంచు విడిపోయాక తొమ్మిది, పది గంటల వేళ బయలుదేరినా పొద్దు ఉండగానే విశాఖ చేరవచ్చు.